ఇంజన్ నిలకడగానే ఉంది, ముల్లెందుకు ఊగుతోంది?

చిన్న విమానం రన్‌వే చివర ఆగి ఉంది. పైలట్ బ్రేకులు తొక్కిపట్టి థ్రాటిల్‌ను ముందుకు తోశాడు. ఇంజన్ మోత ఒకే శ్రుతిలో సాగుతోంది. వణుకు లేదు, తడబాటు లేదు. కానీ ఎదురుగా ఉన్న టాకోమీటర్, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్, దాని ముల్లు 4000 దగ్గర కాసేపు నిలిచి, ఉన్నట్టుండి 5200కి ఎగిరి, అక్కడి నుంచి సున్నాకి పడి, మళ్ళీ 4000కి వచ్చింది. ఆ ఎగరడం, పడటం, తిరిగి రావడం రెప్పపాటులో జరిగిపోయాయి.

చెవి ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది. దేన్ని నమ్మాలి?

ఈ ఒక్క సందర్భంలో జవాబు తేలికే. ప్రొపెల్లర్‌కి బరువుంది. వేగంగా తిరిగే బరువు రెప్పపాటులో ఆగిపోయి, మళ్ళీ రెప్పపాటులో అదే వేగం అందుకోలేదు. అందుకు కావలసిన బలం ఏ ఇంజన్‌కీ లేదు. కాబట్టి ముల్లు చూపించింది ఇంజన్ నడత కాదు. ఇంజన్‌కీ ముల్లుకీ మధ్య ఎక్కడో కబురు చెడిపోతోంది. అలా చెడిపోయే చోట్లు ఎన్నో లేవు. వరుస తప్పకుండా వెతికితే ఒక పూటలో పట్టుకోవచ్చు. వరుస తప్పితే టాకోమీటర్ కొత్తది, సెన్సర్ కొత్తది, వైర్లు కొత్తవి కొనుక్కుంటూ పోయినా ముల్లు ఊగుతూనే ఉంటుంది.

పుదుచ్చేరికి వచ్చిన హంస

2022 ఫిబ్రవరి 19న బెంగళూరు నుంచి ఒక చిన్న రెండు సీట్ల విమానం పుదుచ్చేరి లాస్‌పేట విమానాశ్రయానికి ఎగిరి వచ్చింది. 140 నాటికల్ మైళ్ళ దూరాన్ని గంటన్నరలో దాటింది. అది బెంగళూరులోని జాతీయ వైమానిక పరిశోధనాలయం, అంటే ఎన్ఏఎల్, తయారుచేసిన హంస-ఎన్‌జీ శిక్షణ విమానం. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 3న అది తొలిసారి గాలిలోకి లేచింది. పుదుచ్చేరిలో 18 గంటలు ఎగిరి, మార్చి 5న వెనక్కి వెళ్ళింది.

అన్ని రోజులు ఇక్కడే ఎందుకు ఎగరేశారు? బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి తీరప్రాంతపు గాలికంటే సుమారు 8 శాతం పల్చన. పుదుచ్చేరిలో ఇంజన్ పీల్చే ప్రతి గుక్కలోనూ ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది, బలమూ పెరుగుతుంది. అయితే ప్రొపెల్లర్ రెక్కలు చీల్చుకుపోవలసిన గాలి కూడా అంతే చిక్కగా ఉంటుంది. తోసే బలం, అడ్డుకునే గాలి రెండూ పెరిగినప్పుడు వాటి తూకం నిమిషానికి ఎన్ని చుట్ల దగ్గర కుదురుతుంది? విమానం ఎంత చురుగ్గా పైకి లేస్తుంది? దిగబోతూ మనసు మార్చుకుని మళ్ళీ లేవాలంటే ఇంజన్ ఎలా అందుకుంటుంది? ఇవన్నీ సముద్రమట్టంలో ఎగిరితేనే తేలతాయి. ఇంజన్ విషయంలో ఆ లెక్కలన్నిటికీ ఆధారం ఒక్క అంకె, నిమిషానికి చుట్లు, అంటే ఆర్పీఎమ్.

హంసను ఎన్ఏఎల్ ఇంజనీర్లు కట్టారు. దాన్ని ఇంట్లో కట్టిన విమానం అనలేం. కానీ దాని వంశవృక్షంలో ఇంటి విమానం ఒకటి ఉంది. అమెరికాలో బర్ట్ రూటన్ అనే డిజైనర్ సొంతంగా విమానం కట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం లాంగ్-ఈజీ అనే నమూనా గీసిచ్చాడు. ఎన్ఏఎల్ 1980లలో ఆ నమూనా ఆధారంగానే తన తేలికపాటి కనార్డ్ పరిశోధన విమానాన్ని కట్టి ఎగరేసింది. లోహపు రేకులకు బదులు గాజునార, రెసిన్‌తో విమానం కట్టే మెళకువను ఆ పని నేర్పింది. హంస శరీరం కూడా అలాంటి కాంపొజిట్ పదార్థమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మనం వెతికే లోపానికి దీనితో నేరుగా సంబంధం ఉంది.

సొంత చేతులతో కట్టినప్పుడు

మన దేశంలో సొంతంగా విమానం కట్టినవాళ్ళు తక్కువే అయినా ఉన్నారు. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ తన ఇంటి డాబామీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో దాన్ని మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు, మరుసటి ఏడాది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ సంపాదించాడు. బెంగళూరులో జోయెల్ కోష్లాన్ స్థాపించిన రాజ్ హంస సంస్థ ఎక్స్-ఎయిర్ అనే తేలికపాటి విమానాన్ని కిట్‌గా విదేశాలకు కూడా పంపింది. గొట్టాలు, గుడ్డ, ఇంజన్ విడివిడిగా వస్తే కొన్నవాళ్ళే బిగించుకున్నారు.

ఫ్యాక్టరీ విమానంలో ఇంజన్‌కీ మీటర్‌కీ పొత్తు కుదిర్చే పని తయారీదారుదే. ఇంట్లో కట్టిన విమానంలో ఇంజన్ ఆస్ట్రియాది, మీటర్ అమెరికాది, మధ్య వైరింగ్ మన చేతిది. ఒక్కో భాగం విడిగా చూస్తే భేషుగ్గా ఉంటుంది. కలిపాక మాట కుదరదు. ఇంట్లో కట్టినవాటిలో టాకోమీటర్ తగాదాలు తరచూ వచ్చేది ఇందుకే.

కారులో టాకోమీటర్ పాడైతే సర్వీసింగ్ దాకా ఆగవచ్చు. విమానంలో ఆగలేం. రోటాక్స్ 912 ఇంజన్‌నే తీసుకోండి. దానికి రెండు ఇగ్నిషన్ వ్యవస్థలుంటాయి, ఒకటి చెడితే రెండోది ఆదుకోవడానికి. ఎగిరే ముందు 4000 ఆర్పీఎమ్ దగ్గర ఒక్కొక్కదాన్నే ఆపి చూస్తారు. ఆపినప్పుడు చుట్లు 300కి మించి పడకూడదు. ముల్లే 200 అటూ ఇటూ ఊగుతుంటే ఆ పరీక్షకు అర్థం ఉండదు. ఇదే ఇంజన్‌ను 5800 దగ్గర అయిదు నిమిషాలకు మించి నడపకూడదు. ముల్లు తక్కువ చూపిస్తే పైలట్ తనకు తెలియకుండానే ఆ గీత దాటేస్తాడు.

చుట్లు లెక్కపెట్టేదెలా?

పాత విమానాల్లో ఇంజన్ నుంచి ముల్లు దాకా తిరిగే కేబుల్ ఉండేది. ఇప్పుడు విద్యుత్ సంకేతం ఆ పని చేస్తోంది. అదెలాగో చూడటానికి గానుగ దగ్గరికి వెళదాం.

ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతోంది, మెడలో గంట ఉంది. గోడ అవతల గదిలో ఒకాయన కూర్చున్నాడు. ఆయనకు ఎద్దు కనపడదు. కిటికీ ముందు నుంచి ఎద్దు వెళ్ళినప్పుడల్లా గంట వినపడుతుంది, ఆయన ఒక గీత గీస్తాడు. నిమిషానికి ఎన్ని గీతలు పడితే గానుగ అన్ని చుట్లు తిరిగినట్టు. టాకోమీటర్ చేసేది అచ్చంగా ఇదే. ఇంజన్‌లో తిరిగే చక్రంమీద అయస్కాంతమో ఇనుప పన్నో ఉంటుంది. పక్కన కదలకుండా ఒక రాగితీగ చుట్ట ఉంటుంది. పన్ను చుట్ట ముందు నుంచి దూసుకుపోయినప్పుడు చుట్టలో చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. మీటర్ దాన్ని లెక్కపెడుతుంది.

ఆయన లెక్క ఎన్ని విధాల తప్పవచ్చు? ఎద్దు నెమ్మదిగా నడిస్తే గంట మెల్లగా మోగుతుంది, ఆయనకు వినపడదు. ఎద్దు తల విదిలిస్తే గంట రెండుసార్లు మోగుతుంది, రెండు గీతలు పడతాయి. వీధిలో ఇంకో ఎద్దు గంట వినపడితే దాన్నీ కలిపేస్తాడు. గానుగకు రెండెద్దులు కట్టి ఆయనకు చెప్పకపోతే లెక్క రెట్టింపవుతుంది. టాకోమీటర్ లోపాలన్నీ ఈ నాలుగు రకాల్లో ఇమిడిపోతాయి. సంకేతం బలహీనపడటం, ఒకటి రెండుగా కనపడటం, పరాయి సంకేతం కలవడం, చుట్టుకెన్ని సంకేతాలో మీటర్‌కి తప్పుగా చెప్పడం. ముందు చివరిది తేల్చుకోవాలి, ఎందుకంటే దానికి పైసా ఖర్చు లేదు.

> ఏ ఇంజన్ చుట్టుకెన్ని సంకేతాలిస్తుంది?
>
> రోటాక్స్ 912: ఇగ్నిషన్‌కు వాడే చుట్టలు కాకుండా టాకోమీటర్ కోసమే విడిగా ఒక చుట్ట ఉంటుంది. చుట్టుకు 1 సంకేతం.
>
> రోటాక్స్ 582, అంటే చాలా ఎక్స్-ఎయిర్‌లలో ఉండే రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజన్: కరెంటు పుట్టించే జనరేటర్ నుంచే సంకేతం తీసుకుంటారు. దాని చక్రంలో 12 అయస్కాంత ధ్రువాలుంటాయి, జంటకొకటి చొప్పున చుట్టుకు 6 సంకేతాలు.
>
> లైకమింగ్ నాలుగు సిలిండర్ల ఇంజన్, స్పార్క్ పుట్టించే మాగ్నెటో నుంచి తీసుకుంటే: చుట్టుకు రెండు స్పార్కులు, 2 సంకేతాలు. ఆరు సిలిండర్లదైతే 3.
>
> నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి కట్టిన మీటర్‌లో పొరపాటున 3 అని పెడితే 2400 తిరిగే ఇంజన్ 1600 చూపిస్తుంది. ముల్లు వణకదు, తడబడదు, నిక్కచ్చిగా తప్పు చెబుతుంది.

ఇలాంటి తప్పుకు ఒక గుర్తుంది. అన్ని వేగాల దగ్గరా లోపం ఒకే నిష్పత్తిలో ఉంటుంది. ఎప్పుడూ సగమో, రెట్టింపో, మూడింట రెండు వంతులో కనపడితే వైర్లు ముట్టుకోవద్దు. సెట్టింగ్ చూడండి.

మూడో సాక్షి

చెవికీ కంటికీ మాట కుదరనప్పుడు మూడో సాక్షి కావాలి. అది ప్రొపెల్లర్ తిరుగుడును వెలుగుతో లెక్కపెట్టే చిన్న ఆప్టికల్ టాకోమీటర్. విమానం వైరింగ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు కాబట్టే దాని మాటకు విలువ. ఒక్కో రెక్క అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది, అది లెక్కపెట్టుకుని రెక్కల సంఖ్యతో భాగిస్తుంది.

రోటాక్స్ 912లో గేర్‌బాక్స్ ఉందని మరిచిపోకూడదు. 100 అశ్వశక్తి రకంలో ఇంజన్ 2.43 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆప్టికల్ మీటర్ 2000 అంటే ఇంజన్ 4860 తిరుగుతున్నట్టు.

ఈ సాక్షి నిజాయతీని కూడా పరీక్షించుకోవచ్చు, అదీ మన ఇంటి కరెంటుతోనే. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాల చొప్పున వస్తుంది. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు ఒక్కో ఆవృత్తానికి రెండుసార్లు, అంటే సెకనుకు 100 సార్లు, నిమిషానికి 6000 సార్లు వెలిగి ఆరుతుంది. మీటర్‌ని రెండు రెక్కలకు సెట్ చేసి ఆ లైటు వైపు పెడితే 3000 చూపాలి. మూడు రెక్కలకైతే 2000. ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. హ్యాంగర్‌లో ట్యూబ్‌లైట్ల కింద ప్రొపెల్లర్ కొలిస్తే మీటర్ రెక్కలకు బదులు దీపాన్ని లెక్కపెట్టేయవచ్చు. ఆరుబయట పగటి వెలుగులోనే కొలవాలి. తిరిగే ప్రొపెల్లర్ ముందుకు వెళ్ళకూడదని వేరే చెప్పనక్కరలేదు. కాక్‌పిట్‌లో కూర్చునే, అద్దంలోంచి కొలవాలి.

ఆప్టికల్ మీటర్ కూడా చుట్లు పెరిగి తగ్గుతున్నాయని చెబితే టాకోమీటర్‌ది తప్పు కాదు. అప్పుడు కార్బురేటర్, ఇంధనం, ఇగ్నిషన్ వైపు వెళ్ళాలి. ఇంజన్ నిలకడగానే ఉందని తేలితేనే వైర్ల పని మొదలుపెట్టాలి.

ముల్లు ఎప్పుడు తప్పుతోంది?

చాలామంది స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఈ ప్రశ్న వేసుకోరు. ముల్లు ఎప్పుడు తప్పుతోందో చెప్పగలిగితే ఎక్కడ తప్పుతోందో సగం చెప్పినట్టే.

నెమ్మదిగా తిరిగేటప్పుడు పడిపోతూ, వేగం పెంచితే కుదుటపడుతోందా? సంకేతం బలహీనంగా ఉంది. చుట్టకూ తిరిగే పన్నుకూ మధ్య ఖాళీ ఎక్కువై ఉండవచ్చు, ఆ ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగమే ఉండాలి. చుట్ట కనెక్షన్ వదులై ఉండవచ్చు. పన్ను వేగంగా కదిలేకొద్దీ తరంగం పెద్దదవుతుంది కాబట్టి పై వేగాల్లో లోపం దాక్కుంటుంది.

పై వేగాల్లోనే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందా? పరాయి సంకేతం కలుస్తోంది. రేడియోలో మాట్లాడటానికి బటన్ నొక్కినప్పుడో, రెక్కల చివర దీపాలు మెరిసినప్పుడో ఎగురుతోందా? దోషి ఎవరో ఆ సమయమే చెప్పేస్తోంది.

మాగ్నెటో పరీక్షలో ఒక మాగ్నెటో ఆపగానే ముల్లు సున్నాకి పడి, రెండోది ఆపితే మామూలుగా ఉంటోందా? ఇది లోపమే కాదు. మీటర్ ఆ మొదటి మాగ్నెటో నుంచే సంకేతం తీసుకుంటోంది. దాన్ని ఆపితే కబురూ ఆగుతుంది. కొత్తగా కట్టినవాళ్ళు ఇంజన్ ఆగిపోయిందనుకుని గాభరా పడే సందర్భాల్లో ఇదొకటి.

పొద్దున ఊగి, మధ్యాహ్నానికి సర్దుకుంటోందా? అయితే పుదుచ్చేరి లాంటి ఊళ్ళో ఆ దోషి ఉప్పు కావచ్చు.

ఉప్పు గాలి చేసే పని

పుదుచ్చేరి బీచ్ రోడ్డు పక్క ఇళ్ళలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఆ ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు. లాస్‌పేట అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరమే. అలలు చిమ్మిన సన్నటి తుంపర ఆరిపోయి, ఉప్పు రేణువులుగా గాలిలో తేలుతూ లోపలికి వస్తుంది. రేణువు కనెక్టర్ సందులో చేరిందనుకుందాం. పొడిగా ఉన్నంతసేపు దానివల్ల హాని లేదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగిపోతుంది. వాన పడనక్కరలేదు, రాత్రి చెమ్మ చాలు. కరిగిన ఉప్పునీరు కరెంటును బాగా పోనిస్తుంది, లోహాన్ని తినేస్తుంది కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ పొర రోజంతా ఆరదు. మిగతా నెలల్లో తెల్లవారుజామున తడిసి మధ్యాహ్నానికి ఆరుతుంది. పొద్దున కనపడిన లోపం మెకానిక్ వచ్చేసరికి మాయమవడానికి ఇదే కారణం.

వైరు చివరి ఇత్తడి లగ్ అల్యూమినియం రేకుకు బిగించిన చోట ఇంకా వేగంగా పాడవుతుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీలో అల్యూమినియం కరిగిపోతూ తెల్లటి పొడి మిగులుతుంది. రాగి తీగల మీద పచ్చటి చిలుము పడుతుంది. పైకి బోల్టు గట్టిగానే ఉంటుంది. కింద లోహానికీ లోహానికీ మధ్య సన్నటి తుప్పు పొర చేరి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. టాకోమీటర్ సంకేతపు వైరులో పారే కరెంటు బహు స్వల్పం. ఆ వైరులో చిలుమువల్ల పది ఓమ్‌ల నిరోధం పెరిగినా మీటర్‌కి దాదాపు తేడా తెలియదు. అది పూర్తిగా తెగితేనో, వణికినప్పుడల్లా అంటుకుని విడిపోతుంటేనో తప్ప నష్టం లేదు. అందరూ అనుమానించేది ఈ వైరునే, మార్చేదీ దీన్నే. అసలు తగాదా ఎక్కువగా గ్రౌండ్ దగ్గర ఉంటుంది.

గ్రౌండ్ అనే ఉమ్మడి దారి

బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగు దారినే గ్రౌండ్ అంటాం. రేడియో, దీపాలు, ఇంధన పంపు, టాకోమీటర్ అన్నీ చాలా విమానాల్లో ఒకే తిరుగు దారి పంచుకుంటాయి. ఆ దారిలో ఒక బోల్టు కింద తుప్పు చేరి ఓమ్‌లో పదో వంతు నిరోధం పుట్టిందనుకోండి. పంపు, దీపాలు, రేడియో కలిసి 10 ఆంపియర్లు లాగితే ఆ బోల్టు దగ్గర 1 వోల్ట్ నిలిచిపోతుంది. అంటే మీటర్ తన సున్నా అనుకుంటున్నది సున్నా కాదు, ఒక వోల్ట్ పైన ఉంది. దీపం మెరిసినప్పుడల్లా ఆ నకిలీ సున్నా పైకీ కిందికీ కదులుతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వచ్చే చిన్న తరంగాన్ని మీటర్ కొలిచేది ఈ కదిలే నేల మీద నిలబడే. కొన్ని తరంగాలు మునిగిపోతాయి, లేనివి కొన్ని పుట్టుకొస్తాయి.

లోహపు విమానంలో శరీరమంతా గ్రౌండే కాబట్టి ఈ బాధ కొంత తక్కువ. హంస, లాంగ్-ఈజీ లాంటి కాంపొజిట్ విమానాల్లో గాజునార కరెంటును పోనివ్వదు. గుడ్డ కప్పిన ఎక్స్-ఎయిర్‌లో గొట్టాలను నమ్ముకుంటే ప్రతి అతుకూ ఒక అనుమానమే. అలాంటి వాటిలో ప్రతి పరికరానికీ తిరుగు వైరు కూడా వేయాలి. ఆ వైర్లన్నీ ఒకే చోట కలవాలి, అక్కడి నుంచి మందపాటి తీగ నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి వెళ్ళాలి. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ విడిగా మందపాటి గ్రౌండ్ పట్టీ ఉండాలి. ఇంట్లో కట్టే విమానంలో తీరిక ఉన్నప్పుడే, ప్యానెల్ మూయకముందే చేసుకోవలసిన పని ఇది. తర్వాత అక్కడికి చెయ్యి పట్టదు.

పరీక్ష తేలిక. మామూలు మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి. నల్ల తీగను నేరుగా బ్యాటరీ నెగటివ్ కొనకు, ఎర్ర తీగను టాకోమీటర్ వెనక ఉన్న గ్రౌండ్ పిన్నుకు తగిలించండి. ఇంజన్ అక్కరలేదు. రేడియో, దీపాలు, పంపు ఒక్కొక్కటే వేస్తూ చూడండి. అంకె సున్నాకు అంటిపెట్టుకుని ఉండాలి. పంపు వేయగానే అర వోల్టుకు ఎక్కిందంటే దోషి దొరికినట్టే. ఎర్ర తీగను ఒక్కో అతుకు దాటిస్తూ బ్యాటరీ వైపు వెనక్కి రండి. ఏ అతుకు దాటగానే అంకె పడిపోతుందో తుప్పు అక్కడుంది. నిరోధం కొలిచే ఓమ్ మీటర్ ఇక్కడ సరిగా పనికిరాదు. అది పంపే కరెంటు అతి స్వల్పం, ఓమ్‌లో పదో వంతును అది పట్టుకోలేదు. భారం మీద కొలిస్తేనే లోపం బయటపడుతుంది.

అతుకు విప్పి, లోహం మెరిసేదాకా గీకి, తగరం పూసిన లగ్ కొత్తగా క్రింప్ చేసి, తేమ చేరకుండా గ్రీజు రాసి బిగించాలి.

పరాయి సంకేతాలు

గ్రౌండ్ శుభ్రంగా ఉన్నా ముల్లు పై వేగాల్లో ఎగురుతుంటే వైరు నడిచిన దారి చూడాలి. స్పార్క్ ప్లగ్ వైరులో వేల వోల్టులు క్షణంలో లేచి పడతాయి. దాని పక్కనే సంకేతపు వైరు సాగితే తాకకుండానే ఆ కుదుపు ఇందులోకి దూకుతుంది. రెండింటినీ దూరంగా ఉంచాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి, పక్కపక్కన పరిగెత్తించకూడదు. సంకేతపు వైరునూ దాని తిరుగు వైరునూ మెలిపెడితే పరాయి కుదుపు రెండింటిలోనూ సమానంగా పడి, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైన లోహపు జాలీ తొడుగు ఉంటే దాన్ని సాధారణంగా ఒక కొననే గ్రౌండ్ చేస్తారు. రెండు కొనలా చేస్తే పైన చెప్పిన నకిలీ సున్నాల తేడా ఆ తొడుగులోంచే పారుతుంది. మాగ్నెటో వైర్ల పద్ధతి వేరు, అక్కడ తయారీదారు చెప్పినట్టే చేయాలి.

అన్నీ ఏళ్ళుగా బాగుండి, కొత్తగా ముల్లు ఎగరడం మొదలైతే స్పార్క్ ప్లగ్ క్యాప్‌లు చూడండి. కుదుపును అణచడానికి వాటిలో నిరోధకం పెడతారు. అది పాడైతే ముందుగా ఫిర్యాదు చేసేవి టాకోమీటర్, రేడియో. ఇంజన్‌లో తేడా తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టవచ్చు.

> మీటర్‌దా, ఇంజన్ వైపుదా?
>
> మీటర్‌ని విప్పి బల్ల మీద పెట్టి, తెలిసిన సంకేతం ఇచ్చి చూస్తే తేలిపోతుంది. సిగ్నల్ జనరేటర్ ఉంటే మంచిది. లేకపోతే 6 వోల్టులిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలు. దాని నుంచి వచ్చేది సెకనుకు 50 తరంగాలు, నిమిషానికి 3000. చుట్టుకు 1 అని పెట్టిన మీటర్ 3000 చూపాలి, 2 అని పెడితే 1500, 6 అని పెడితే 500. మీటర్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో ముందు పుస్తకంలో చూడాలి. ఇంటి కరెంటును నేరుగా ఎన్నడూ తగిలించకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ పని తెలిసినవాళ్ళ చేతనే చేయించాలి.

ప్రాణం మీదికి తెచ్చే వైరు

మాగ్నెటో నుంచి సంకేతం తీసుకునే విమానాల్లో ఒక్క విషయం మరిచిపోతే మనిషే పోతాడు. మాగ్నెటోకు బ్యాటరీ అక్కరలేదు. ప్రొపెల్లర్ తిరిగితే చాలు, స్పార్క్ పుట్టిస్తుంది. దాన్ని ఆపాలంటే దాని చిన్న వైరును గ్రౌండ్‌కి కలపాలి. స్విచ్ చేసేది అదే. అంటే మామూలు దీపం స్విచ్‌కి పూర్తిగా తలకిందులు. వైరు తెగితే దీపం ఆరుతుంది, మాగ్నెటో మాత్రం వెలుగుతూనే ఉంటుంది. టాకోమీటర్ పని కోసం ఆ వైరు విప్పితే స్విచ్ ఎక్కడున్నా మాగ్నెటో బతికే ఉంటుంది. ఆ స్థితిలో ఎవరైనా ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపితే ఇంజన్ అందుకోవచ్చు. కాబట్టి ఆ పని మొదలుపెట్టే ముందు ప్లగ్ వైర్లు తీసేయాలి, రెక్కల చుట్టూ ఎవరినీ రానివ్వకూడదు.

రెండో ప్రమాదం దీనికి వ్యతిరేకం. మాగ్నెటో నుంచి మీటర్ దాకా లాగిన వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని లోహానికి తగిలితే మాగ్నెటోకు అది స్విచ్ ఆపినట్టే. గాలిలో ఉండగా ఒక మాగ్నెటో చచ్చిపోతుంది. అందుకే ఆ వైరు మొదట్లోనే, మాగ్నెటోకు దగ్గరగా, కొన్ని పదుల వేల ఓమ్‌ల నిరోధకం పెట్టాలి. అప్పుడు అవతల వైరు లోహానికి తగిలినా టాకోమీటరే పోతుంది, మాగ్నెటో పనిచేస్తూనే ఉంటుంది. అదే నిరోధకాన్ని మీటర్ వైపు చివర పెడితే వైరు పొడవునా ఆ రక్షణ ఉండదు. మీటర్ మాత్రం రెండు రకాలుగానూ ఒకేలా పనిచేస్తుంది కాబట్టి తప్పు చోట పెట్టిన సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. కట్టిన విమానం కొనేవాళ్ళు వైరింగ్ పటం అడిగి తీసుకుని, ఆ నిరోధకం ఎక్కడుందో ఇంజన్ మీది మూత, కౌలింగ్, విప్పి కళ్ళతో చూసుకోవాలి.

హంస-ఎన్‌జీలోని రోటాక్స్ 912 ఐఎస్ రకం ఇంజన్‌లో ఈ తగాదాల్లో కొన్ని తప్పిపోయాయి. అందులో ఇంజన్ కంప్యూటరే చుట్లు లెక్కపెట్టి, అంకెను డిజిటల్ సందేశంగా పంపుతుంది. మధ్యలో ఒక కుదుపు కలిస్తే సందేశం తప్పిందని గుర్తుపట్టి పారేయగలదు. కంప్యూటర్‌కి రెండు లేన్లుంటాయి, ఒకటి పోతే రెండోది నడుపుతుంది. అయినా ఆ కంప్యూటర్‌కీ గ్రౌండ్ కావాలి. పాత టాకోమీటర్ గ్రౌండ్ చెడితే ముల్లు మాత్రమే ఊగేది. ఇక్కడ ఇంధనాన్నీ స్పార్కునూ నడిపేది కూడా ఆ కంప్యూటరే. అందుకే తీరంలో ఉంచే ఏ విమానానికైనా రుతుపవనాలు ముగిశాక, జనవరిలో ఒకసారి, దీపాలూ పంపూ వేసి మల్టీమీటర్‌తో గ్రౌండ్ అతుకులన్నీ కొలిచి, ఆ అంకెలను లాగ్‌బుక్‌లో తేదీతో రాసి పెట్టుకోవాలి. మరుసటి ఏడాది అదే అతుకు దగ్గర అంకె పెరిగి కనపడితే ముల్లు ఊగకముందే బోల్టు విప్పవచ్చు.